చిన్ని రాకుమారుడి గులాబి

మీ పెరట్లో గులాబి మొక్క ఉందా? పోనీ, మీరు బడినుంచి వచ్చే వేళకు గుమ్మంలో కాచుకుని కూచునే కుక్కపిల్ల ఉందా? ఉంటే ఈ రాకుమారుడి సంగతి మీకు సులువుగా అర్థమవుతుంది.

ఇతను నిజంగా ఉన్నవాడు కాడు. ఆంత్వాన్ ద సేంతెగ్జ్యుపెరీ అనే ఫ్రెంచి రచయిత ఇతన్ని సృష్టించాడు. ఆయన విమానాలు నడిపేవాడు. 1935 డిసెంబరులో ఆయన విమానం సహారా ఎడారిలో కూలింది. ఆయనా, వెంట ఉన్న మెకానిక్కూ దాహంతో చావుకు సిద్ధమై ఉండగా, ఒంటెమీద పోతున్న అరబ్బు ఒకడు చూసి కాపాడాడు. 1943 లో న్యూయార్కులో అచ్చయిన ఆయన పుస్తకం "చిన్ని రాకుమారుడు" లో కూడా ఒక విమానం ఎడారిలోనే దిగబడుతుంది. దాన్ని బాగుచేసుకుంటున్న మనిషి దగ్గరికి ఎక్కడినుంచో ఒక కుర్రవాడు వచ్చి, గొర్రె బొమ్మ వేసిపెట్టమంటాడు.

ఆ కుర్రవాడిది ఇల్లంత గ్రహం. పేరు బి-612. దానిమీద మోకాలెత్తు అగ్నిపర్వతాలు మూడు ఉన్నాయి. (నిజంగా ఇల్లంత గ్రహంమీద మనం ఒక్క గెంతు గెంతితే ఆకాశంలోకి పోయి ఇక తిరిగిరాము. దాని ఆకర్షణశక్తి అంత స్వల్పం! రాకుమారుడికి ఆ చిక్కు లేదు.) 1993 లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక చిన్న గ్రహాన్ని కనుగొన్నారు. దాని సంఖ్య 46610. పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఆ సంఖ్య బి612 అవుతుంది. అందుచేత దానికి ఈ కథనుబట్టే పేరు పెట్టారు.

రాకుమారుడి గ్రహంమీద ఒకనాడు ఒక గులాబి పూసింది. చాలా అందమైనది, చాలా టెక్కుది కూడా. నీళ్ళు పొయ్యమనేది. గాలి తగులుతున్నదని తెర కట్టించుకునేది. రాత్రిళ్ళు గాజుమూత పెట్టమనేది. తనకున్న నాలుగు ముళ్ళతో పులుల నెదిరిస్తానని బడాయి పోయేది. రాకుమారుడు అన్నీ చేశాడు. కాని దాని మాటలకు మనసు విరిగి, చివరకు దాన్ని వదిలి వెళ్ళిపోయాడు.

అనేక గ్రహాలు తిరిగి అతను భూమిమీదికి వచ్చాడు. ఇక్కడ ఒక తోటలో అచ్చు తన గులాబిలాటి పూలే అయిదువేలు కనిపించాయి! లోకంలో అలాటి పువ్వు తానొక్కతేనని అది చెప్పింది గదా! తనకున్నది అందరికీ ఉన్న మామూలు పువ్వేనని తెలిసి, అతను గడ్డిలో పడి ఏడ్చాడు.

ఆ సమయానికి ఒక నక్క వచ్చింది. మన కథల్లో నక్క అంటే జిత్తులమారి. ఈ నక్క అలాటిది కాదు. రాకుమారుడు ఆడుకుందాం రమ్మంటే, తాను మాలిమి కాలేదు గనక రానన్నది. మాలిమి చేసుకోవడం ఎలాగని అతను అడిగాడు. ఓపిక కావాలన్నది నక్క. మొదట దూరంగా కూచోవాలి, ఏమీ మాట్లాడకూడదు. రోజూ ఒకే వేళకు రావాలి, కాస్త కాస్త దగ్గిరకు జరగాలి. అప్పుడు ఆ వేళ రాకముందే ఎదురుచూసే మనసు సంతోషపడటం మొదలుపెడుతుందట.

రాకుమారుడు అలాగే చేశాడు. ఇద్దరూ స్నేహితులయారు. అప్పుడతను మళ్ళీ ఆ తోటకు పోయి చూశాడు. అయిదువేల పూలూ అందంగానే ఉన్నాయి. కాని వాటిలో ఒక్కదానికీ తాను నీళ్ళు పొయ్యలేదు, తెర కట్టలేదు. ఒక్కదాని గొంగళిపురుగులనూ ఏరలేదు. (తన గులాబికి ఏరినప్పుడు కూడా, సీతాకోకచిలుకలయేందుకని రెండు మూడు వదిలిపెట్టాడు లెండి!) తన గులాబి లోకంలో ఒక్కతే కావడానికి కారణం దాని రంగు కాదు, తాను దానికోసం పడిన పాటు. మాలిమి చేసుకున్నదాని బాధ్యత ఎప్పటికీ తనదే. అది బడాయి మాటలు చెప్పేదని అలిగాడే గాని, తన గ్రహమంతా పరిమళం నింపిందన్న మాట ఆలోచించలేదు. అతని కప్పటికి ప్రేమించడం తెలియదు.

అయితే, రాకుమారుడు వెళ్ళిపోతూంటే నక్క ఏడ్చింది. మాలిమి చేసుకుని వదిలిపోవడం న్యాయమా అని మీరు అడగవచ్చు. చదివినప్పుడు నాకూ కోపం వచ్చింది. కాని నక్కకు లేదు. అది రొట్టె తినదు, గోధుమచేలతో దానికి పని లేదు. ఇప్పుడు పండిన గోధుమల రంగు చూస్తే రాకుమారుడి బంగారు జుట్టు జ్ఞాపకం వస్తుంది. అది తనకు మిగిలిన లాభమన్నది.

రాకుమారుడు భూమికి వచ్చి ఏడాది నిండిననాడు, ఎడారిలో స్నేహితుణ్ణి వదిలి, తన గులాబి దగ్గరికని వెళ్ళిపోయాడు. వెంట విమానం నడిపే ఆయన వేసిచ్చిన గొర్రె బొమ్మ ఉన్నది. గొర్రె గులాబిని తినకుండా దాని మూతికి ఒక చిక్కం కూడా వేసిచ్చాడాయన. తీరా అతను వెళ్ళిపోయాక చూసుకుంటే, చిక్కాన్ని బిగించే తోలుపట్టీ వెయ్యడం మరిచిపోయాడు!

ఆరేళ్ళు గడిచినా ఆయన రాత్రిపూట ఆకాశంకేసి చూస్తూ, గొర్రె ఆ పువ్వును తిన్నదా లేదా అని బెంగపడుతూనే ఉంటాడు. ఆ గులాబిని ఆయన ఎన్నడూ కళ్ళచూడలేదు.