పై మట్టికీ ఓ గడువుంది

గోదావరిఖని, మణుగూరు, సత్తుపల్లి... ఏ ఓపెన్‌కాస్ట్ గని దగ్గరికి వెళ్ళినా ముందుగా కంటపడేవి మట్టి గుట్టలే. బొగ్గు పొరల మీదున్న రాతిని పేల్చి, తవ్వి, డంపర్లతో తెచ్చి పోసిన కుప్పలవి. గని కార్మికులు వాటిని ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలంటారు. సింగరేణిలో టన్ను బొగ్గు తీయాలంటే సుమారు ఐదారు ఘనపు మీటర్ల ఓబీని పక్కకు తీయాల్సి వస్తోంది. అంత రాతి ముందు అన్నిటికన్నా పైనుండే అడుగు మందం మట్టి ఏ లెక్కకూ రాదు. అయితే గని పని ముగిశాక ఆ చోట గడ్డి మొలవాలన్నా, చెట్టు నిలవాలన్నా ఆ అడుగు మందమే దిక్కు.

ఎకరం నేలలో అడుగు లోతు మట్టి అంటే దాదాపు 1,230 ఘనపు మీటర్లు. బరువు సుమారు 1,600 టన్నులు. 100 టన్నుల డంపర్‌కి పదహారు ట్రిప్పులు. రేయింబవళ్ళు ఓబీ మోసే గనికి అదొక పనే కాదు. చిక్కంతా తీసిన తరవాతే మొదలవుతుంది. ఒక మూల కుప్ప పోసి ఏళ్ళ తరబడి వదిలేస్తే ఆ మట్టి బరువు తగ్గదు, రికార్డులో పరిమాణమూ మారదు. దాన్ని సారవంతమైన నేలగా నిలబెట్టిన గుణాలు మాత్రం ఒక్కొక్కటే పోతాయి.

ఆ గుణాల్లో ఒకదాన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఏళ్ళుగా దున్నని గట్టు మీంచి, గడ్డి వేళ్ళున్న చోట ఒక ఎండు మట్టిపెళ్ల తీసుకోండి. ఏటా ట్రాక్టరు తిరిగే పక్క చేలోంచి మరొకటి. రెండింటినీ రెండు గాజు గ్లాసుల నీళ్ళలో మెల్లగా వదలండి. గట్టు మట్టి బుడగలు వదులుతూ చాలాసేపు విడిపోకుండా ఉంటుంది. చేను మట్టి సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే జారిపోయి అడుగున బురదవుతుంది. గట్టు మట్టి రేణువుల్ని పట్టి ఉంచింది వేళ్ళు, సూక్ష్మజీవులు విడిచే జిగురు, వేళ్ళతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రాల పోగులు. ఈ శిలీంధ్రాలు వేళ్ళు దూరలేని సందుల్లోకి పాకి భాస్వరం తెచ్చి మొక్కకిస్తాయి. మొక్క తయారుచేసుకున్న చక్కెరలో వాటా తీసుకుంటాయి. మొక్కే లేకపోతే వాటికి తిండి లేదు.

ఎత్తుగా పోసిన కుప్పలో ఈ తిండీ ఉండదు, గాలీ ఉండదు. లోపలున్న ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. కొత్తది అంత లోతుకు దిగదు. రేగడి లాంటి బంక నేలల్లో తక్కువ లోతులోనే ఈ పరిస్థితి వస్తుంది, దుబ్బ నేలల్లో ఇంకాస్త కిందికి పోయాక. వానపాములు పోతాయి. శిలీంధ్రాలు క్షీణిస్తాయి. విత్తనాలు కుళ్ళిపోతాయి, లేదంటే చీకట్లోనే మొలిచి చస్తాయి. నత్రజని అమ్మోనియం రూపంలో పేరుకుంటుంది. కుప్పను తవ్వి పరిచాక గాలి తగిలి అది నైట్రేటుగా మారుతుంది. దాంతో మొదటి వానాకాలం మొక్కలు ఏపుగా లేస్తాయి. నైట్రేటు నీళ్ళలో ఇట్టే కరిగే పదార్థం కాబట్టి మొక్కలు అందుకోని భాగం వాననీటితో కొట్టుకుపోతుంది. మొదటి ఏటి పచ్చదనం చూసి నేల కోలుకుందని రాసేయడం తొందరపాటే. మూడో ఏడు, ఐదో ఏడు మళ్ళీ వెళ్ళి చూడాలి.

ఆలస్యం చేయకపోతే ఏం సాధ్యమో పశ్చిమ ఆస్ట్రేలియాలో చూడొచ్చు. పెర్త్ నగరానికి దగ్గర్లోని జారా అడవుల్లో 1963 నుంచి బాక్సైట్ తవ్వుతున్నారు. జారా అంటే యూకలిప్టస్ జాతి చెట్టు. ఆ నేలలో మొలకెత్తగల విత్తనాల్లో అధిక భాగం పై ఐదు సెంటీమీటర్లలోనే ఉంటుందని అక్కడి పరిశోధకులు గుర్తించారు. అందుకని పైనున్న పది, పదిహేను సెంటీమీటర్ల మట్టిని విడిగా గీకి తీస్తారు. వీలైనంత వరకూ కుప్ప పోయకుండా, అప్పటికే తవ్వకం ముగిసి సరిచేసిన మరో గుంత మీద నేరుగా పరుస్తారు. దాని కిందుండే గులకమట్టిని వేరుగా తీసి, ముందుగా దాన్ని పరిచి, ఆ పైన ఇది వేస్తారు. రెండూ కలిసిపోతే విత్తనాలు లోతున పడి మొలక పైకి రాలేదు. ఇలా చేసినచోట, పైనుంచి చల్లిన విత్తనాల కంటే మట్టిలో దాగిన విత్తనాల వల్లే ఎక్కువ రకాల మొక్కలు తిరిగొచ్చాయి. అలాగని పాత అడవి మొత్తం తిరిగొచ్చిందనలేం. నల్ల కాకటూలు గూడు పెట్టుకునే పెద్ద తొర్రలు ముదురు చెట్లకే ఉంటాయి. ఆ వయసు రావాలంటే వందేళ్ళకు పైగా పడుతుంది.

పరిచేటప్పుడు జరిగే పొరపాటు మరొకటుంది. అమెరికాలో ఉపరితల గనుల మీద 1977లో చట్టం వచ్చాక, వాలు జారిపోకూడదని అపలేచియన్ కొండల్లో బుల్‌డోజర్లను పదే పదే తిప్పి నేలను నున్నగా అణిచారు. గడ్డి వచ్చింది, చెట్లు ఎదగలేదు. గట్టిబడిన నేలలోకి వేళ్ళు దిగలేకపోయాయి. ఇప్పుడక్కడ అటవీ నిపుణులు పైన కనీసం నాలుగడుగుల మందం వదులుగా వదిలేయమంటున్నారు. తడి నేల మీద యంత్రం తిరిగితే నష్టం మరీ ఎక్కువ. మట్టిని అరచేతుల మధ్య నలిపినప్పుడు మూడు మిల్లీమీటర్ల సన్నని పోగు విరగకుండా సాగితే ఆ రోజు పని ఆపాల్సిందే. పదును చూసి దుక్కి దున్నే మన రైతుకు ఇది తెలిసిన సంగతే.

మన దేశంలో నియమాలకు కొదవ లేదు. సున్నపురాయి లాంటి ఖనిజాలకు వర్తించే 2017 నాటి నియమావళి పై మట్టిని వేరుగా తీసి, వెంటనే వాడలేకపోతే వేరుగా నిల్వ చేయమంటుంది. తవ్వకం ముగిసిన నేలలో పశుగ్రాసం, మొక్కలు పెరిగేలా గడ్డి పెంచడాన్ని లీజు షరతుగా చేర్చాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఓబీ రాతి మీద నేరుగా గడ్డి చల్లి ఆ ఆదేశం నెరవేరిందనుకోవడం కుదరదు. నిజమే, పెద్ద గనిలో మొదటి కొన్నేళ్ళు గుంత ఇంకా లోతుకు పోతూనే ఉంటుంది. మట్టి పరచడానికి చోటుండదు. అప్పుడైనా గుట్టల మెట్ల మీద, వాలుల మీద వాడొచ్చు. మిగిలిన దాన్ని ఎత్తుగా కాకుండా వెడల్పుగా, రెండు మీటర్ల లోపే పోసి, జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లితే వేళ్ళు బతికి ఉంటాయి, శిలీంధ్రాలకు తిండి దొరుకుతుంది. ఇందుకయ్యే ఖర్చు గని లెక్కల్లో కనిపించనంత చిన్నది.

మీ ఊరి దగ్గర కొత్త గనికో, విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే పర్యావరణ నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో ఉంచాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. తెచ్చుకుని చదవండి. ఎన్ని లక్షల మొక్కలు నాటుతారో వాళ్ళే చెబుతారు. పై మట్టిని ఎంత లోతు వరకు తీస్తారు, ఎక్కడ పోస్తారు, ఎంత ఎత్తున, ఎన్నేళ్ళలో ఏ చోట పరుస్తారు అన్నది మీరు అడగండి. ఇచ్చిన జవాబును సభ మినిట్స్‌లో రాయించండి.