పుల్ల గుచ్చని దొన్నె

మా మనవరాలు కొత్త కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టింది. వీపు, పీట, చేతులు అన్నీ ఒకటే ముక్క, ఎక్కడా అతుకు లేదు. ‘‘బకెట్టూ ఒకటే ముక్కేగా తాతయ్యా, ఇందులో గొప్పేముంది?’’ అంది.

సరే, ఓ కాగితం పట్రమ్మన్నాను. గ్లాసుకు చుట్టమంటే చక్కగా చుట్టింది. బత్తాయికి చుట్టమన్నాను. మడతలే మడతలు! రేకైనా ఆకైనా ఒక వైపు వంగుతుంది కానీ, రెండు వైపులా ఒకేసారి వంగమంటే మొరాయిస్తుంది. దొన్నె కుట్టేటప్పుడు ఆకు మడిచి పుల్ల గుచ్చేది అందుకే.

అమెరికాలో చార్లెస్, రే ఈమ్స్ అనే డిజైనర్ దంపతులను ఏళ్ల తరబడి ఏడిపించిందీ ఈ మొరాయింపే. 1940లో చార్లెస్, ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్‌తో కలిసి ప్లైవుడ్‌ను గిన్నెలా వంచబోతే చెక్క చిట్లింది. పైన గుడ్డ కప్పి పరువు దక్కించుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళానికి విరిగిన కాళ్లకు కట్టే ప్లైవుడ్ బద్దలు చేసినప్పుడు, మడత పడే చోట ముందే చీలికలు కోశారు. తెలివంటే అదీ! 1948లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం చౌక కుర్చీల పోటీ పెడితే లోహపు రేకును అచ్చులో నొక్కి చూపించారు. బహుమతైతే వచ్చింది కానీ, చౌకగా మాత్రం తేలలేదు.

చివరికి దారి చూపింది యుద్ధ విమానాల రాడార్ మూతలకు వాడిన ఫైబర్‌గ్లాస్. అసలు రేకుతో పనే లేదు. గాజు పోగుల మీద జిగురులాంటి రెజిన్ పోసి, అచ్చులో నొక్కి గట్టిపడనిస్తారు. మట్టిగోడకు వరిగడ్డి కలిపి తొక్కుతాం చూడు, అదే కిటుకు. ఉత్త రెజిన్ పెళుసు. పోగులు కలిస్తే, పగులు పుట్టినా పోగు దగ్గర ఆగిపోతుంది. గాజుకు బలమేమిటంటావా? గాజు పగిలేది దాని ఒంటి మీది కంటికానని గాట్ల వల్ల. వెంట్రుకంత సన్నగా లాగిన పోగులో పెద్ద గాటుకు చోటెక్కడిది?

1950లో హెర్మన్ మిల్లర్ కంపెనీ ఇలా చేసిన చేతుల కుర్చీని అమ్మకానికి పెట్టింది. ఈ దంపతులే 1958లో మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మన చెంబును తెగ మెచ్చుకున్నారు. చెంబూ రెండు వైపులా వంగినదే మరి!

మనవరాలి కుర్చీ తిరగేసి చూశాం. నున్నటి పాలీప్రొపిలీన్, కాళ్లకు మరలు. పాత కుర్చీల్లో కూర్చునే గుల్లకు రబ్బరు బిళ్లలు అంటించి, వాటికి కాళ్లను బిగించేవారు. కూర్చుంటే కాస్త ఊగేందుకు. ఏళ్లు గడిస్తే గుల్ల బాగానే ఉంటుంది, రబ్బరే ఎండి ఊడొస్తుంది. ఎక్కడైనా అలాంటిది కనబడితే వెలుతురుకు పట్టి చూడు తల్లీ, మట్టిగోడలో గడ్డిపోచల్లా లోపల పోగులు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి.