అగరొత్తులతో పోయే వాసనా అది!

మామయ్యగారు పోయాక తెనాలి ఇంటికి రెండేళ్లు తాళమే. బాగుచేయించి, అత్తయ్యతో కలిసి అక్కడే ఉందామనుకున్నాం. తలుపు తీయగానే గుప్పుమంది వాసన! మురుగు, చెమ్మ, చుట్ట పొగ అన్నీ కలిసిపోయి ఏది ఏదో తెలీలేదు. నేను గదికో అగరొత్తి వెలిగించాను. మావారు ఫినాయిలు కుమ్మరించారు. మూడు వాసనలు కాస్తా అయిదయ్యాయి!

"ముందు అదెక్కణ్ణుంచి వస్తోందో చూడు అమ్మాయ్" అన్నారు అత్తయ్య.

మురుగు వాసన బాత్రూంలోది. జాలీ కింద ట్రాప్‌లో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండాలి. మురుగు గాలిని పైకి రాకుండా ఆపేవి ఆ నీళ్లే. వాడకం లేక అవి ఎండిపోయాయి. బక్కెట్టు నీళ్లు పోస్తే సరిపోయింది, పైసా ఖర్చు లేదు!

వంటింటి గోడ దగ్గర చెమ్మ వాసన. "పుట్టీ పెట్టి రంగేసేద్దామమ్మా" అన్నాడు మేస్త్రీ. నేను ఒప్పుకోలేదు. గోడ కొట్టించి చూస్తే లోపల పైపు జాయింటు కారుతోంది. అది మార్పించి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగాం. తడి గోడకి రంగేస్తే పొక్కులు లేస్తాయి, వాసనా మళ్లీ వస్తుంది.

ఇక మిగిలింది మామయ్యగారి గది. చుట్ట పొగకి గోడలు పసుపెక్కాయి. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ప్రైమర్ వేసి, ఆపైన రంగు వేయాలి. లేకపోతే ఆ మరకా, వాసనా కొత్త రంగులోంచీ పైకొస్తాయి. కానీ ఆయన గుర్తుగా మిగిలిన వాసన... కడగమంటారా అని అత్తయ్యని అడగడానికే నోరు రాలేదు. చివరికి అడిగేశాను.

"నలభై ఏళ్లు ఆ పొగకి దగ్గాను. ఆయనతో అనలేకపోయాను. కడిగెయ్. పడక్కుర్చీ మాత్రం ఉంచు" అన్నారావిడ!

ఒక పొరపాటు మాత్రం చేశాం. ముహూర్తం దాటిపోతుందని రంగేసిన మర్నాడే అక్కడ పడుకున్నాం. అసలే ఉబ్బసం మనిషి, అత్తయ్యకి రాత్రంతా ఆయాసం. తెల్లారగానే మా పిన్ని ఇంటికి పంపి, పది రోజులు ఎదురెదురు కిటికీలు తెరిచిపెట్టాం. రంగు వాసనకి గాలిని మించిన మందు లేదు. ఇంట్లో ఉబ్బసం వాళ్లో, పసిపిల్లలో ఉంటే మీరు మాత్రం తొందరపడకండి.

ఇంకో మాట. వాసన పోవాలని బ్లీచింగ్ పౌడరూ, బాత్రూం యాసిడ్డూ ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

పడక్కుర్చీకి కొత్త గుడ్డ వేయించి ఎండలో పెట్టాను. ఇప్పుడు సాయంత్రాలు వరండాలో అత్తయ్య కూర్చునేది అందులోనే.