బిడారు బాటలో ఒక దినము

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో సాయంకాలము పావుగంట నిలిచినచో హైదరాబాదు-ముంబయి రహదారిపై లారీల వరుస తెగక సాగుట కనబడును. పటాన్‌చెరువు కర్మాగారములకు ఈ రహదారియే ఆధారము. లారీయు, రైలును లేని కాలమున దక్కను పీఠభూమిపై సరకు లెట్లు నడచినవి? ఈ ప్రశ్నకు సమాధానము చుట్టుప్రక్కల తండాలలోనే కలదు.

తండా యనగా లంబాడీల పల్లె యని నేడు మన మెరుగుదుము. కాని పూర్వ మా మాటకు నడచుచున్న బిడారు అని యర్థము. 1632లో పీటర్ మండీ యను ఇంగ్లీషు బాటసారి ఉత్తరాదిన 14,000 ఎద్దులతో ధాన్యము మోయుచున్న యొక తండాను చూచి ఆ మాటనే వ్రాసికొనెను. ఆ శతాబ్దముననే గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే, పది పండ్రెండువేల ఎద్దుల బిడారు ఇరుకుదారిలో ఎదురైనచో అది దాటువరకు రెండు మూడు దినములు ఆగవలసివచ్చునని తెలిపెను.

ఇన్ని ఎద్దు లేల? బండ్లు చాలవా యని శ్రోతలు అడుగవచ్చును. నాడు బాటలు తక్కువ. రాళ్లగుట్టలపై బండి ఎక్కదు. తడిసిన నల్లరేగడిలో చక్రము దిగబడును. వీపునకు ఇరువైపుల పెరికలు వ్రేలాడు ఎద్దునకు కాలిబాట చాలును. అంతకు మించిన సంగతి మేత. ఎద్దులు దారి పొడవునను పచ్చిక మేయుచు నడచెడివి గనుక దాణాఖర్చు లేదు. అందుచేత దినమునకు ఆరేడు మైళ్లకు మించి సాగెడివి కావు. ఆ నెమ్మదివలననే కూలి తగ్గి, ఉప్పువంటి చవుక సరకు సైతము సముద్రతీరమునుండి లోనాడులకు చేరగలిగెను.

అట్టి యొక దినమును ఊహించుకొందము. చల్లనివేళ ఎద్దులపై పెరికలు ఎత్తెదరు. ఎచట నీరు, ఎచట పచ్చిక గలదో ఎరిగిన నాయకుడు మజిలీని నిర్ణయించును. అలంకరించిన ఎద్దు మెడగంటలు మ్రోగించుచు ముందు నడచును. మంద ఆ ధ్వనిననుసరించును. అద్దములు కుట్టిన లంగాలు ధరించిన స్త్రీలు పిల్లలతో, వంటపాత్రలతో వెంట నడచెదరు. ఇల్లంతయు వారి వెంటనే యుండును. ప్రొద్దు వాలకమునుపే చెరువుగట్టున దిగి, పెరికలు దించి, గోడవలె పేర్చుకొందురు. ఆ గోడలోపల పొయ్యిలు వెలుగును. వెలుపల కుక్కలు కావలి యుండును.

ఈ బిడారులు లేనిదే సేనలకును అన్నము లేదు. 1791-92లో శ్రీరంగపట్టణముపైకి నడచిన కారన్‌వాలీసు సైన్యమునకు ధాన్యము చేర్చినవారిలో వీరు ముఖ్యులు.

అట్టివారి బ్రతుకు ఒక్క తరములో తలక్రిందులైనది. 1874లో వికారాబాదు మీదుగా వాడి-సికింద్రాబాదు రైలుమార్గము తెరువబడెను. ఎద్దు నెలలో మోయు దూరమును రైలు ఒకటి రెండు దినములలో దాటెను. అంతకు మూడేండ్లకు పూర్వము, 1871లో, బ్రిటిషు ప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసెను. స్థిరనివాసము లేనివారిని శంకించు ఆ చట్టము పలు రాష్ట్రములలో బంజారాలపైనను పడెను. దేశమునకు అన్నము మోసిన నడకయే నేరమునకు గుర్తుగా ఎంచబడెను! ఆ చట్టము 1952లో రద్దయినది. కాని శంక చట్టముతో పోలేదు.

బిడారులు ఆగినచోట పల్లెలు వెలసెను. 1976 నాటి చట్టముచే తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరిరి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముచే తెలంగాణమున పెక్కు తండాలు గ్రామపంచాయతీలైనవి. నడకకు పేరైన మాట ఊరికి పేరై, ఇప్పుడు పంచాయతీ పలకపై కెక్కినది.

సంగారెడ్డి సంతలో అద్దాల లంగా ధరించిన వృద్ధురాలు మనకు కనబడినప్పుడు ఈ సంగతి స్మరింతుము గాక. మన పూర్వుల వంటలోని ఉప్పు ఆమె పూర్వుల ఎద్దులపై వచ్చినదై యుండవచ్చును. ఉప్పుతిన్న ఇంటిని మరువరాదని మన పెద్దలమాట; ఉప్పు తెచ్చినవారిని మరచుటయు తగదు.