క్లచ్ కాలింది... తప్పు ఎవరిది?

‘సార్, క్లచ్ ప్లేట్ పోయింది. సెట్ మొత్తం మార్చాలి.’

‘పోవడమేంటండీ? కారు కొని పది నెలలే కదా. వారంటీ ఉంది!’

‘వారంటీ ఉంది సార్. క్లచ్‌కు మాత్రం వర్తించదు.’

‘ఎందుకు వర్తించదు?’

‘అది అరిగిపోయే వస్తువు సార్. మీ డ్రైవింగ్‌ను బట్టి ఉంటుంది.’

హైదరాబాద్ అయినా విజయవాడ అయినా... కార్ల సర్వీస్ సెంటర్లో ఓ పూట కూర్చుంటే వినిపించే మాటలే ఇవి. పైసా పైసా కూడబెట్టి, బ్యాంకు లోను పెట్టి కొన్న కారు. తొలి వాయిదాలు కట్టడం మొదలెట్టి ఏడాదైనా కాలేదు. ఈలోపే చిన్న కారుకైనా వేలల్లో బిల్లు! డబ్బు సంగతి అలా ఉంచితే, ‘మీకు నడపడం రాదు’ అన్నట్టు చెప్పే ఆ చివరి మాటే అసలు మంట. ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాళ్లకైతే మరీను.

ఇంతకీ క్లచ్ తొందరగా పోతే తప్పు నడిపేవారిదా, తయారుచేసినవారిదా? వారంటీ ఇవ్వాల్సిందేనా? సమాధానం ఆ అరిగిపోయిన ప్లేటు మీదే రాసి ఉంటుంది, చదివేవాళ్లుంటే!

రాపిడే దాని పని

ఇంజిన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలేమో ఆగాలి, కదలాలి, మళ్లీ ఆగాలి. ఈ రెండింటినీ కలపడం, విడదీయడం క్లచ్ పని. ఇంజిన్ చివర ఫ్లైవీల్ ఉంటుంది. దానికి ఎదురుగా ప్రెషర్ ప్లేట్. మధ్యలో, రెండు వైపులా రాపిడి పదార్థం అతికించిన క్లచ్ ప్లేట్. పెడల్ వదిలినప్పుడు బలమైన స్ప్రింగు ఈ మూడింటినీ గట్టిగా అదిమి పట్టుకుంటుంది. అప్పుడు ఇంజిన్ శక్తి గేర్‌బాక్సుకు చేరుతుంది. పెడల్ తొక్కితే పట్టు వదిలేస్తుంది.

పూర్తిగా కలిసి ఉన్నప్పుడు అరుగుదల లేదు. పూర్తిగా విడిపోయినప్పుడూ లేదు. సగం కలిసీ సగం కలవకుండా జారుతున్నప్పుడే అరుగుతుంది, వేడెక్కుతుంది. మెకానిక్కుల భాషలో దాని పేరు ‘హాఫ్ క్లచ్’. బండి కదిలించిన ప్రతిసారీ కొద్ది క్షణాలు ఇది తప్పదు. ఆ క్షణాలు నిమిషాలైతేనే ముప్పు.

జాగ్రత్తగా నడిపితే క్లచ్ సాధారణంగా అరవై, డెబ్భై వేల కిలోమీటర్లు సులువుగా వస్తుంది. హైవే మీదే ఎక్కువగా తిరిగే కార్లలో లక్ష దాటడమూ మామూలే. అదే కారు కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా రోజూ ఆఫీసు వేళల్లో పాకితే? ఆయుష్షు సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు.

కాలు చేసే నేరం

సర్వీస్ సెంటర్ల వాదన పూర్తిగా అబద్ధమనీ చెప్పలేం. ఎడమకాలిని పెడల్ మీదే ఆనించి నడపడం చాలామందికి అలవాటు. తొక్కినట్టు వాళ్లకు అనిపించదు, క్లచ్‌కు మాత్రం తెలుస్తుంది! ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా బ్రేకుకు బదులు క్లచ్, యాక్సిలరేటర్లతో నిలబెట్టడం మరో తప్పు. ఒకటో గేరుకు బదులు రెండో గేరులో బండి కదిలించేవారూ ఉన్నారు. తిరుమల ఘాట్ రోడ్డులోనో, శ్రీశైలం మలుపుల్లోనో ఆరుగురిని ఎక్కించుకుని, గేరు తగ్గించడానికి బద్ధకించి క్లచ్‌తో సర్దుకుంటూ వెళ్తే కాలిన వాసన అక్కడే వచ్చేస్తుంది.

గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ కార్లలో పెడల్ ఉండదు కాబట్టి ఈ బెడద లేదనుకుంటారు. అదీ పొరపాటే. పెడల్ లేదంతే, క్లచ్ ఉంది! ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచితే అందులోనూ ప్లేటు కాలుతుంది.

ప్లేటే సాక్షి

మరి తయారీలో లోపం ఉంటే? దాన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. ప్లేటు మీది రాపిడి పదార్థం అంతటా సమానంగా, రివెట్ల దాకా అరిగితే అది మామూలు అరుగుదల. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ నీలిరంగుకు తిరిగి మచ్చలు పడితే విపరీతంగా వేడెక్కినట్టు లెక్క. ఎక్కువసేపు జారనివ్వడం దానికి ఓ కారణం. స్ప్రింగు బలహీనంగా ఉండి ప్లేటును సరిగా అదమకపోవడం మరో కారణం. పెడల్ నుంచి క్లచ్ దాకా ఉన్న కేబుల్ గానీ, హైడ్రాలిక్ వ్యవస్థ గానీ పూర్తిగా వెనక్కి రాకపోయినా ఇదే జరుగుతుంది. అంటే ఒకే మచ్చ, మూడు కారణాలు!

ప్లేటు మీద నూనె కనిపిస్తే వ్యవహారం వేరు. ఇంజిన్ వెనక ఉండే ఆయిల్ సీల్ లీకై ఉండొచ్చు. దానికీ డ్రైవింగ్‌కూ సంబంధం లేదు. ప్లేటు మధ్యలోని చిన్న స్ప్రింగులు విరిగినా, రాపిడి పదార్థం అరగకుండానే పెచ్చులుగా ఊడినా భాగం నాణ్యతను అనుమానించాల్సిందే.

చిక్కేమిటంటే, ఈ సాక్ష్యమంతా కంపెనీ వర్క్‌షాపులోనే బయటపడుతుంది. ‘అరిగింది’ అని తేల్చేదీ వాళ్లే, కొత్తది అమ్మేదీ వాళ్లే. పాతది ఓ మూలకు పోతుంది.

ఏడు సముద్రాల అవతల...

‘మీ డ్రైవింగే కారణం’ అన్న మాట ఆస్ట్రేలియాలో ఓ కంపెనీకి ఖరీదైన పాఠం నేర్పింది. పవర్‌షిఫ్ట్ అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న ఫోర్డ్ ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లు కదిలేటప్పుడు వణుకుతున్నాయని అక్కడి యజమానులు మొత్తుకున్నారు. నడిపే తీరు వల్లే అలా జరుగుతోందని చాలామందికి జవాబొచ్చింది. అక్కడి వినియోగదారుల కమిషన్ కోర్టుకెక్కింది. నాణ్యత సమస్యలున్నాయని తెలిసీ కంపెనీ అలా చెప్పిందని తేలింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది.

అదే కంపెనీ 2014లో అమెరికాలో ఈ గేర్‌బాక్సుల క్లచ్‌కు వారంటీని 7 ఏళ్లు లేదా లక్ష మైళ్లకు పెంచింది. అంటే ‘క్లచ్‌కు వారంటీ ఉండదు’ అన్నది బ్రహ్మరాతేం కాదు!

బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. కొన్న ఆరు నెలల్లోపు లోపం బయటపడితే, అది అమ్మేనాటికే ఉన్నట్టు మామూలుగా భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సింది అమ్మిన వ్యక్తే.

మన చట్టం ఏమంటోంది?

మన వారంటీ పుస్తకాల్లో క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు సాధారణంగా ఒకే వరుసలో ఉంటాయి... మామూలు అరుగుదలకు వారంటీ లేదని. ఇక్కడ ‘మామూలు’ అన్న మాటే కీలకం. ఎనిమిది వేల కిలోమీటర్లకే ప్లేటు పోతే అది మామూలు అరుగుదలేనా? లోపం వల్ల అరిగితే ఆ మినహాయింపు చాటున దాక్కోవచ్చా?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘లోపం’ అన్న మాటకు విశాలమైన అర్థమే ఇచ్చింది. ఒప్పందంలో రాసినా రాయకపోయినా, వస్తువుకు ఉండాల్సిన నాణ్యతలో వెలితి ఉంటే అది లోపమే. కాకపోతే బ్రిటన్‌లోలాంటి ఆరు నెలల వెసులుబాటు మనకు లేదు. లోపం ఉందని సాధారణంగా కొన్నవారే చూపించాలి. వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించే అధికారం మాత్రం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ఆ ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి.

అలాగని క్లచ్ పోతే కొత్త కారు వస్తుందని ఆశపడకూడదు. వారంటీ అంటే లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమేనని, ఆ షరతు ఉన్నచోట కారు మొత్తం మార్చమనలేమని 2006లో ఓ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

న్యాయమైన దారి ఒకటుంది. తొలి ఏడాదిలోనో, తొలి కొన్ని వేల కిలోమీటర్లలోనో క్లచ్ పోతే పరీక్షించి చూశాకే తప్పు ఎవరిదో తేల్చాలి. యజమాని ఎదుటే విప్పాలి. కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. డ్రైవింగే కారణమైతే యజమాని భరించాలి, లేకపోతే కంపెనీ. చూడకుండానే ‘అరిగే వస్తువు’ అనడం తీర్పే తప్ప విచారణ కాదు.

బిల్లు కట్టేముందు...

* ఇంజిన్ రొద పెరిగినా వేగం పెరగకపోవడం, కాలిన వాసన, గేరు పడటానికి మొరాయించడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించండి. తిరిగిన కిలోమీటర్లతో సహా జాబ్‌కార్డులో రాయించండి.

* క్లచ్ విప్పేటప్పుడు దగ్గరుండండి. ప్లేటు, ప్రెషర్ ప్లేట్, ఫ్లైవీల్ ఫొటోలు తీసుకోండి.

* పాత భాగాలు అడిగి తీసుకోండి. రేపు పరీక్షకు పంపాలంటే అవే ఆధారం.

* వారంటీ కాదంటే కారణాన్ని కాగితం మీద లేదా ఈమెయిల్లో ఇమ్మనండి.

* జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరుండే చోటే కేసు వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. 5 నుంచి 10 లక్షల రూపాయల మధ్య కొన్న కారుకు ఫీజు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలైతే 400. గడువు రెండేళ్లు.

ఇవన్నీ చేసేముందు మరో చిన్న పని. రేపు పొద్దున కారు తీసినప్పుడు, గేరు మార్చాక ఎడమకాలు ఎక్కడుందో ఓసారి చూసుకోండి. పెడల్ మీద లేదా? అయితే సర్వీస్ సెంటర్లో ధైర్యంగా అడగండి... ‘ఏదీ, ఆ ప్లేటు ఓసారి చూపించండి!’