పుప్పొడి కోసం ఏ పువ్వు?

మొక్కజొన్న చేలో ఉదయంపూట మగపూల జల్లు మీద తేనెటీగలు ముసురుకోవడం మీరు గమనించే ఉంటారు. ఆ పూలలో మకరందం ఉండదు. అవి వచ్చేది పుప్పొడి కోసం.

తేనెటీగలకు మకరందం శక్తినిస్తుంది. పిల్లలు పెరగడానికి కావలసిన ప్రొటీన్లు, కొవ్వులు, విటమిన్లు మాత్రం పుప్పొడి నుంచే రావాలి. మకరందం ఎంత తీపో నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. పుప్పొడి సంగతి అలా కాదు. సేకరించే ఈగ దాన్ని అక్కడే తినదు. కాస్త మకరందంతో తడిపి, ముద్దచేసి, వెనక కాళ్లకున్న బుట్టల్లో పట్టుకు మోసుకెళుతుంది. దాన్ని ప్రధానంగా తినేవి పట్టులో లార్వాలను సాకే వయసులో ఉన్న దాది ఈగలు.

మరి తాను తినని ఆహారాన్ని ఈగ ఎలా ఎంచుకుంటుంది?

ముందు రంగు, వాసన. తేనెటీగ కన్ను అతినీలలోహిత, నీలం, ఆకుపచ్చ కాంతులను గుర్తిస్తుంది. పువ్వుపై వాలాక మీసాలతో, కాళ్లతో రుచి చూస్తుంది. ఒక పువ్వు నుంచి పుప్పొడి రాబట్టే పద్ధతి నేర్చుకుంటే, ఆ విడతలో సాధారణంగా అదే జాతి పూలకు వెళుతుంది. అందుకే ఒక్కో ఈగ తెచ్చే ముద్దలు ఎక్కువగా ఒకే రంగులో ఉంటాయి. మొక్కకూ ఇది లాభమే: పుప్పొడి సొంత జాతి పువ్వుకే చేరుతుంది.

ఇందులో విద్యుత్తుకూ పాత్ర ఉంది. ఎగిరే ఈగ ఒంటిపై సాధారణంగా ధనావేశం చేరుతుంది. కాండం ద్వారా నేలతో కలిసి ఉన్న పువ్వుకు స్వల్ప రుణావేశం ఉంటుంది. ఈ ఆకర్షణ వల్ల ఈగ పూర్తిగా తాకకముందే పుప్పొడి రేణువులు దాని నూగుపైకి దూకగలవు. తేనెటీగలకు దగ్గరి బంధువులైన బంబుల్‌బీలు పూల విద్యుత్ క్షేత్రాన్ని పసిగట్టగలవని బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో చూపారు.

ఇన్ని ఆనవాళ్లు తెలిసినా, పుప్పొడిలోని ప్రొటీన్‌ను కొలవడంలో తేనెటీగ అంత దిట్ట కాదు. ఆ లోటును పట్టు మొత్తం కలిసి తీరుస్తుంది. వేల ఈగలు రకరకాల పూలకు వెళ్లడంతో ఒకదానిలో లేని పోషకం మరోదాని నుంచి అందుతుంది. లార్వాలు ఎక్కువైతే అవి వెలువరించే రసాయన సంకేతాల వల్ల పుప్పొడికి వెళ్లే ఈగలూ పెరుగుతాయి.

చుట్టూ ఒకే పంట ఉంటే ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. ఉదాహరణకు, పొద్దుతిరుగుడు పుప్పొడిలో ప్రొటీన్ తక్కువ. కనుచూపుమేర అదే ఉంటే బుట్టలు నిండుతాయి గాని, పిల్లలకు పోషణ చాలదు. అదే పొద్దుతిరుగుడులో గింజ బాగా కట్టాలంటే తేనెటీగలు కావాలి. గట్ల మీద మునగ, చేను అంచున ఆవాలు, ధనియాలు వంటివి పూయనిస్తే ఈగలకు తిండీ, రైతుకు గింజా దక్కుతాయి.