మాటకూ ధర్మం ఉంది

2019 మార్చి 15, శుక్రవారం. న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో జుమా నమాజు కోసం సమావేశమైన విశ్వాసులపై ఒక దుండగుడు తుపాకులతో విరుచుకుపడ్డాడు. అన్నూర్ మస్జిదులోను, ఆ తర్వాత లిన్‌వుడ్ ఇస్లామిక్ కేంద్రంలోను జరిగిన కాల్పుల్లో మొత్తం 51 మంది ప్రాణాలు కోల్పోయారు. బతుకుతెరువు కోసం మన హైదరాబాదు నుంచి వెళ్లినవారు కూడా వారిలో ఉన్నారు. హంతకుని పేరు తాను ఎన్నడూ పలకనని నాటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో ప్రకటించారు. మేము కూడా ఇక్కడ ఆ పేరు రాయడం లేదు.

ఇలాంటి ఘోరం వెనుక రెండు సాధనాలు ఉంటాయి. ఒకటి తుపాకీ. రెండవది, ఆ తుపాకీని చేతికెత్తుకునేలా మనిషిని ఒప్పించిన మాట. ఈ దాడిపై విచారణ జరిపిన రాయల్ కమిషన్ 2020 డిసెంబరులో వెలువరించిన నివేదిక రెండింటినీ పరిశీలించింది. తుపాకీ లైసెన్సు మంజూరులో పోలీసులు పాటించవలసిన ప్రమాణాలను పాటించలేదని తేల్చింది. హంతకుని ఆలోచనలను మలచడంలో యూట్యూబ్ వంటి మాధ్యమాల పాత్రనూ ఎత్తిచూపింది. అంటే ఆయుధం చేతికి చేరడానికి ముందే విద్వేషం మనసుకు చేరింది.

ఆయుధం విషయంలో ఇస్లాం వైఖరి సుస్పష్టం. అన్యాయంగా ఒక్క ప్రాణం తీయడం యావత్ మానవాళి ప్రాణం తీయడంతో సమానమని దివ్య ఖుర్ఆన్ (అల్ మాయిద: 32) బోధిస్తోంది. దైవప్రవక్త (సఅసం) హత్యను నిషేధించడంతోనే ఆగలేదు. బాణాలతో మస్జిదులోకో బజారులోకో వెళ్లేవారు వాటి మొనలను చేత్తో పట్టుకోవాలని, ఎవరికీ గీసుకోకుండా చూసుకోవాలని ఆదేశించారు. సొంత అన్నదమ్ముల వైపైనా సరే, ఆయుధం గురిపెట్టినవారిని దైవదూతలు శపిస్తారని హెచ్చరించారు. ఒర నుంచి దూసిన కత్తిని చేతులు మార్చుకోవడాన్ని కూడా వారించారు. దురుద్దేశం లేకపోవడం ఒక్కటే సరిపోదు, అజాగ్రత్తకు కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుందని ఈ హదీసులు తెలుపుతున్నాయి. పెళ్లి ఊరేగింపులో సరదాకు గాలిలోకి కాల్చేవారు, తుపాకీ పట్టుకుని ఫోటోలు దిగి గొప్పలు పోయేవారు వీటిని మననం చేసుకోవాలి.

ఇక మాట విషయానికి వద్దాం. దాడి జరిగిన నెల తిరగకముందే, ఏప్రిల్ 10న, న్యూజీలాండ్ పార్లమెంటు సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించే చట్టాన్ని 119 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే. డిసెంబరు 20 వరకు గడువిచ్చి, పరిహారం చెల్లిస్తూ, 56 వేలకు పైగా తుపాకులను ప్రభుత్వం సేకరించింది. తుపాకులు ఉన్నవారిలో రైతులు, వేటగాళ్లు ఎందరో ఉన్నారు. వారు ఏ నేరమూ చేయలేదు. అలాంటి మనిషిని హంతకుని పక్కన నిలబెట్టి నిందిస్తే మన మాట అతని చెవికెక్కుతుందా? చట్టం చేతిలోని తుపాకీని తీసుకోగలదు, మనసును ఒప్పించవలసింది మాత్రం న్యాయమైన మాటే.

ఆ మాట ఎలా ఉండాలి? వివేకంతో, చక్కని హితబోధతో ప్రభువు మార్గం వైపు పిలవాలని, వాదించవలసి వస్తే అత్యుత్తమ రీతిలో వాదించాలని అల్లాహ్ ఆదేశించాడు (అన్ నహ్ల్: 125). ఫిరౌను వంటి నిరంకుశుని వద్దకు మూసా, హారూన్ (అలైహిముస్సలాం)లను పంపుతూ కూడా మృదువుగా మాట్లాడమన్నాడు (తాహా: 44). ఒక యువకుడు వ్యభిచారానికి అనుమతి కోరుతూ దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చినప్పుడు సహచరులు అతన్ని గద్దించారు. ఆయన (సఅసం) మాత్రం దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో ఇది నీకు సమ్మతమేనా, నీ కూతురి విషయంలో, నీ చెల్లెలి విషయంలో సమ్మతమేనా అని ఒక్కొక్కటిగా అడిగారు. అతను కాదన్న ప్రతిసారీ, ఇతరులూ తమవారి విషయంలో దీన్ని ఇష్టపడరని గుర్తుచేశారు. చివరకు అతనిపై చేయి వేసి దుఆ చేశారు. అక్కడ బెదిరింపు లేదు, అవమానం లేదు, అబద్ధం లేదు. ఆ యువకునిలోనే నిద్రిస్తున్న అంతరాత్మను ఆయన మేల్కొలిపారు.

“మన పక్షం న్యాయమైనదే కదా, జనాన్ని కదిలించడానికి ఆ నెత్తుటి దృశ్యాలు పంచితే తప్పేమిటి?” అని కొందరు అడుగుతారు. క్రైస్ట్‌చర్చ్ హంతకుడు తన దారుణాన్ని తానే చిత్రీకరిస్తూ ప్రత్యక్ష ప్రసారం చేశాడు. మొదటి 24 గంటల్లోనే 15 లక్షల ప్రతులను తొలగించినట్లు ఫేస్‌బుక్ వెల్లడించింది. ఆ వీడియో అతని ప్రచార పత్రం. కన్నీళ్లతో పంచినా, కసితో పంచినా మోసేది అతని సందేశమే. పైగా నమాజుకు వచ్చి నేలకొరిగిన విశ్వాసికి మరణానంతరమూ గౌరవం ఉంది. అతని చివరి క్షణాలు మన వాదనకు ముడిసరుకు కారాదు. ఎక్కడిదో ఒక చిత్రాన్ని ఇంకెక్కడిదో అని చెప్పడం, సంఖ్యలు పెంచి చెప్పడం కూడా ఇలాంటివే. వచ్చిన వార్తను నిర్ధారించుకోమన్న ఆదేశం (అల్ హుజురాత్: 6) మనకు నచ్చిన వార్తలకూ వర్తిస్తుంది. పక్షం సత్యమైనదైతే దానికి అబద్ధం ఆసరా అక్కరలేదు.

ఆ దాడిలో భార్యను కోల్పోయిన ఫరీద్ అహ్మద్ హంతకుణ్ని క్షమించినట్లు ప్రకటించారు. 2020 ఆగస్టులో శిక్ష ఖరారు సందర్భంగా కోర్టులో మాట్లాడిన బాధితుల్లో క్షమించినవారూ ఉన్నారు, క్షమించలేమన్నవారూ ఉన్నారు. న్యాయస్థానం పెరోలు లేని యావజ్జీవ శిక్ష విధించింది. ఆ దేశ చరిత్రలో అలాంటి శిక్ష అదే మొదటిది. చెడుకు తగిన ప్రతిఫలం న్యాయమని, క్షమించినవారి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉందని ఖుర్ఆన్ (అష్ షూరా: 40) రెండింటికీ చోటిచ్చింది. కాబట్టి క్షమించినవారిని చూపి, గుండె పగిలిన మరొకరిని “నువ్వెందుకు క్షమించవు?” అని నిలదీయడం హితబోధ కాదు, అది కూడా ఒక ఒత్తిడే. క్షమ విలువ అది స్వచ్ఛందం కావడంలోనే ఉంది.

ఇవన్నీ దూరదేశపు ముచ్చట్లు కావు. మన ఇళ్లలో, మన పిల్లల ఫోన్లలో రోజూ ఏదో ఒక మాట ఎవరో ఒకరిని ద్వేషించమని ఒప్పిస్తూనే ఉంది. పంపేముందు ఒక్క క్షణం ఆగుదాం. ఇది నిజమేనా? ఎవరి గురించైతే ఇది ఉందో, వారి ముఖం మీదే మర్యాదగా అనగలమా? రేపు అల్లాహ్ ఎదుట దీనికి జవాబు చెప్పగలమా? ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదన్న హెచ్చరిక (అల్ మాయిద: 8) ముందుగా బాధితులమైన మనకే ఉద్దేశించినదని గ్రహిద్దాం. తన విశ్వాసాన్ని ఎవరూ ఆయుధంగా మార్చుకోకుండా ఆపే బాధ్యత ప్రతి సమాజానిదీ, ప్రతి కుటుంబానిదీ.

మన చేతుల నుంచీ, మన నాలుకల నుంచీ తోటి మానవులను సురక్షితంగా ఉంచమని, సత్యాన్ని సత్యమైన రీతిలోనే చెప్పే సౌభాగ్యం ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.